అప్పు చేసి నర్సింగు చదివించాలా?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఇంటర్ అయిన ఆడపిల్ల ఉన్న ఇంట్లో నర్సింగు మాట రాకుండా ఉండదు. మంచి చదువే. కానీ బ్యాంకు మెట్లెక్కే ముందు కాగితం మీద ఒక లెక్క వేయండి. మూడేళ్ల జీఎన్‌ఎం నర్సింగు కోర్సుకు ఏటా లక్ష చొప్పున, 10 శాతం వడ్డీకి తీసుకున్నారనుకుందాం. చదువూ, ఆపైన కంతులు మొదలయ్యే ముందు ఇచ్చే ఏడాది గడువూ ముగిసేసరికి ఆ 3 లక్షలు 3.9 లక్షలవుతాయి. ఏడేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 6,500 కంతు. మొదటి జీతం 12,000 అయితే సగానికి పైగా బ్యాంకుకే, హాస్టల్ ఖర్చు వేరే. నర్సుల జీతాల గురించి సుప్రీంకోర్టు 2016లో చెప్పాక కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల్లోపు ప్రైవేటు ఆసుపత్రి కూడా నర్సుకు 20,000కు తగ్గకుండా ఇవ్వాలంది. అది సిఫారసు మాత్రమే, సిఫారసు చూపిస్తే బ్యాంకు కంతు తగ్గించదు!

విదేశాలకు పోతే తీరిపోతుంది కదా అంటారు. తీరుతుంది, కాదనను. జర్మనీకైతే ముందు భాష బాగా రావాలి. నేర్చుకునే నెలల్లోనూ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. అందుకే చదువు మానమనడం లేదు, అప్పు తగ్గించుకోమంటున్నా. కుప్పం పీఈఎస్‌లా సొంత ఆసుపత్రి ఉన్న కాలేజీని చూడండి, చేతిపని అక్కడే వస్తుంది. ఫీజు అడిగేటప్పుడే, నిరుడు పాసైన పిల్లలకు తొలి జీతం ఎంత వచ్చిందో కూడా అడగండి. కంతు అందులో పావు వంతు దాటితే ఇంకో కాలేజీ చూసుకోవడమే.