క్రీడకొక క్రియ

గౌలిపురలోని మా యింటి మేడగదిలో ప్రతిదినము సాయంకాలము రెండు తరగతులు నడుచును. మొదటిది నాలుగు గంటలకు. అప్పుడు జపానులో రాత్రి ఏడున్నర. పగలెల్ల కచేరీలలో పనిచేసి వచ్చిన జపానీయులు నలుగురు తమ తమ యిండ్లలో కంప్యూటరు ముందు కూర్చుండి నావద్ద ఇంగ్లీషు మాట్లాడుట నేర్చుకొందురు. రెండవది ఆరు గంటలకు. మా వీథిలోని బాలికలు ఎనిమిదిమంది నోటుపుస్తకములు పట్టుకొని వచ్చి చాపపై కూర్చుందురు. గది యొకటే, బోధకురాలును ఒక్కతెయే. కాని ఒక చిన్న వ్యాకరణ పాఠము ఈ రెండు తరగతుల నడుమ ఎంత దూరమున్నదో నాకు చూపినది.

ఆ పాఠము ఆటలకు వాడవలసిన ఇంగ్లీషు క్రియలను గూర్చినది. జపానీ భాషలో "సురు" అను క్రియ కలదు. అది మన "చేయు" వంటిది. టెన్నిసైనను, బేస్‌బాలైనను, జూడోయైనను, ఈతయైనను, మంచుమీద జారెడు స్కీయైనను దానితోనే చెల్లిపోవును. అందుచేత వారు మొదట "ఐ డూ టెన్నిస్" అందురు. ఆటకు "ప్లే" వాడవలెనని దిద్దినచో, మరునాటినుండి "ఐ ప్లే జూడో", "ఐ ప్లే స్కీ" అని అన్నిటికి దానినే తగిలింతురు. మన పిల్లలు చేయు తప్పును ఇట్టిదే. ఆటలన్న ఒక్క మాటక్రింద అన్నిటిని చేర్చుకొని "ప్లే స్విమ్మింగ్", "ప్లే యోగా" అందురు.

చాలకాలము నేను దీనికి ఒక పట్టికను మందుగా ఇచ్చుచుంటిని. బంతియో, ఎదుటి పక్షమో ఉన్నచో "ప్లే", చివర "ఇంగ్" ఉన్నచో "గో", తక్కినవానికి "డూ". విద్యార్థులు దానిని వల్లించిరి. ఒకనాడు వారిలో పెద్దవాడైన ఉద్యోగి మిక్కిలి వినయముతో ఇట్లడిగెను: "జూడో నేర్చుకొనుటకు నేను ఇల్లు విడిచి శాలకు వెళ్లుచున్నాను గదా! అట్లయినప్పుడు 'గో జూడో' అని యేల అనరాదు?" నాకు సమాధానము తోచలేదు. "అది ఆ భాషా సంప్రదాయము" అని తప్పించుకొంటిని. ఆయన తల వంచి వ్రాసికొనెను. ఆ రాత్రి నాకు సిగ్గు కలిగెను. ఏల యని అడిగిన ఆడపిల్లకు "సంప్రదాయము" అని బదులు చెప్పు పెద్దలను ఇన్నేండ్లు తప్పుపట్టిన నేను, కారణము తెలియనిచోట ఆ మాటనే చాటు చేసికొంటిని.

నా చిక్కును తీర్చినది మా అత్తగారు. ఆమెకు ఇంగ్లీషు రాదు. భోజనమువేళ నేను ఈ సంగతి చెప్పగా ఆమె నవ్వి, "అన్నిటికి ఆడుడే అంటె ఎట్ల కుదుర్తది బిడ్డా? ఈత కొడ్తరు, కుస్తి పడ్తరు, దండీలు తీస్తరు, పతంగి ఎగరేస్తరు. ఏ పనికి ఆ మాట" అనెను.

నిజమే! తెలుగు క్రియ శరీరము చేయు పనిని చూచును. నీటిని చేతులతో కొట్టుదుము గనుక ఈత కొట్టుట. ఎదుటివానిని పట్టుదుము గనుక కుస్తీ పట్టుట. మరునాడు పట్టికను ప్రక్కకు త్రోసి, మీ భాషలో సుమో కుస్తీకి ఏ క్రియ వాడుదురని జపానీయులను అడిగితిని. "తోరు" అనిరి, అనగా పట్టుట, తీసికొనుట. "గో" అను పేరుగల వారి పలకయాటకు "ఉత్సు", అనగా కొట్టుట. గాలిపటమునకు "అగేరు", అనగా పైకెత్తుట. "సురు" ఒక్కటే తమకు కలదనుకొన్నవారు తమ యింటనే ఇన్ని క్రియలున్నవని తెలిసి పసిపిల్లలవలె సంతోషించిరి.

అటుపిమ్మట ఇంగ్లీషు దేనిని చూచునో వివరించుట సులభమాయెను. "ప్లే" అనునది నియమములతో గెలుపోటములకై ఆడు ఆటను చూచును: క్రికెట్, కబడ్డీ, చదరంగము. "డూ" సాధనను చూచును: యోగము, జూడో, జిమ్నాస్టిక్స్. 1882లో జిగోరో కానో తన విద్యకు జూడో అని పేరిడినప్పుడు, అందలి "దో" అను మాటకు మార్గమని యర్థము. అది సాధనమార్గము, కావున "డూ" దానికి తగినదే. ఇక "గో" యనునది క్రియనుండి పుట్టిన పేర్లతోనే పొసగును. స్విమ్, స్కీ, సైకిల్ అను క్రియలు కలవు గనుక "గో స్విమ్మింగ్", "గో స్కీయింగ్", "గో సైక్లింగ్" అనవచ్చును. జూడోకు అట్టి క్రియ వాడుకలో లేదు. కనుకనే "గో" దానికి అంటదు. ఉద్యోగి ప్రశ్నకు ఒక వారము ఆలస్యముగా ఈ సమాధానమిచ్చితిని.

పూర్వపు ఇంగ్లీషులో "వేటపై పోవు" అన్నట్లు చెప్పుచుండిరి. నడిమి చిన్నమాట అరిగిపోయి "గో హంటింగ్" మిగిలినది. మన "వేటకు పోవు", "ఈతకు పోవు" అనునవి దానికి అక్కచెల్లెండ్రు. ఒక్కచోట మాత్రము జాగ్రత్త వలయును. మనము "చెరువుకు ఈతకు పోయితిమి" అందుము. ఇంగ్లీషులో ఆ "కు" చెల్లదు. ఈదినది చెరువులో గనుక "ఇన్" అనవలెను. అపవాదములును కలవు. గోల్ఫునకు "ప్లే" చెల్లును, "గో గోల్ఫింగ్" అనియు చెల్లును. బాక్సింగునకు చివర "ఇంగ్" ఉన్నను సాధారణముగా "గో" వాడరు.

ఈ విజయముతో పొంగిపోయి అదే పాఠమును ఆరు గంటల తరగతికి చెప్పితిని. ఒక్కొక్క క్రియకు ఒక్కొక్క వాక్యము వ్రాయుడంటిని. "ప్లే"తో కబడ్డీ, ఖోఖో వచ్చినవి. ఒకతె "వుయ్ ప్లే బతుకమ్మ" అని వ్రాసినది. ఇంగ్లీషువానికి అది వింతగా తోచవచ్చును గాని, బతుకమ్మను మనము ఆడుటయే నిజము గనుక నేను కొట్టివేయలేదు. "డూ"తో యోగము వచ్చినది. "గో" వద్దకు వచ్చునప్పటికి ఎనిమిది పుస్తకములలోను ఒకే విధమైన వాక్యము: "మై బ్రదర్ గోస్ స్విమ్మింగ్", "మై బ్రదర్ గోస్ సైక్లింగ్". వ్యాకరణమున దోషము లేదు. జపానీయులు నలుగురును ఇదే క్రియకు "ఐ" అని తమ్ముగూర్చి వ్రాసియుండిరి. నేను తొందరపడి, "అన్నలసంగతి యెందుకు? మీసంగతి వ్రాయుడు" అంటిని. పదునాలుగేండ్ల బాలిక తల యెత్తి, "అబద్ధం రాయాల్నా టీచర్?" అని అడిగినది.

నాకు మరల సమాధానము తోచలేదు. ఈసారి సంప్రదాయమను మాట నోట రాలేదు.

2000లో సిడ్నీలో బరువులెత్తి ఒలింపిక్ పతకము తెచ్చిన కరణం మల్లేశ్వరి తెలుగు బిడ్డ. 2019లో బాసెల్ నగరమున జపాను క్రీడాకారిణి నొజోమి ఒకుహారాను గెలిచి ప్రపంచ విజేతయైన సింధు మన హైదరాబాదు బిడ్డ. 2022లో ఇస్తాంబూలున ముష్టియుద్ధమున గెలిచిన నిఖత్ జరీన్ నిజామాబాదు బిడ్డ. ఈ పేర్లు మా వీథిలోని తండ్రులందరికి తెలియును. పత్రికలో చూచి గర్వింతురు. కాని ఆ పత్రికను మడిచి, సైకిలు కొడుకునకిచ్చి, కూతును కూరగాయలు తరుగుమందురు. వారు దుర్మార్గులు కారు. వీథిలో ఎవడేమనునో, పిల్ల పడి దెబ్బ తగిలించుకొనునేమో యని భయము. ఆ భయమును నేనెరుగుదును. నాకును నలుబదియేండ్లు దాటువరకు సైకిలు త్రొక్కుట రాదు.

ఆ వారమే ఎనిమిది యిండ్లకును వెళ్లితిని. ఆదివారము తెల్లవారుజామున దగ్గరి మైదానమున గంటసేపు సైకిలు నేర్పుదుమనియు, మా అత్తగారు వచ్చి అక్కడనే కూర్చుందురనియు చెప్పితిని. నా మాటకంటె ఆమె పేరు ఎక్కువ పనిచేసినది. మొదటి ఆదివారము ముగ్గురు వచ్చిరి. అన్నల సైకిళ్లు రెండు దొరికినవి. పిల్లలతోపాటు నేనును పడితిని, లేచితిని. ఇప్పుడు అయిదుగురు వచ్చుచున్నారు. వారి పుస్తకములలో "ఐ గో సైక్లింగ్ ఆన్ సండేస్" అను వాక్యమున్నది. అది అబద్ధము కాదు.

ప్రశ్న అడిగిన బాలిక ఇంకను రాలేదు. ఆమె తండ్రి "చూద్దాం" అనెను. మరల వెళ్లి అడుగవలసియున్నది. ఆమె పుస్తకములో "గో" క్రియకు ఎదురుగా చోటు ఖాళీగానున్నది. దానికి నేను మార్కులు వేయలేదు, సున్నయు పెట్టలేదు. చదువరులారా, మీ యింటి ఆడపిల్లను ఈ వాక్యమొకటి వ్రాయుమని అడిగి చూడుడు. ఆమె అన్నపేరుతో వ్రాసినచో, దిద్దవలసినది పుస్తకమును కాదు.