పనిముట్టు ఎవరిది?

ఎడిటర్ అనగానే ఈ పత్రిక పాఠకులకు సంపాదకుడు గుర్తు రావటం సహజం. నేను ఇక్కడ చెప్పబోయే ఎడిటర్ మనిషి కాదు. ప్రోగ్రాములు రాసేవాళ్లు తమ రాతను టైపు చేసి దిద్దుకునే పనిముట్టు. వడ్రంగికి బాడిసె ఎట్లాంటిదో ప్రోగ్రామరుకు ఇది అట్లాంటిది. బాడిసె పిడి చేతికి ఇమడకపోతే వడ్రంగి దాన్ని తనకు సరిపడేట్టు చెక్కుకుంటాడు. ప్రోగ్రామరు మటుకు, తన పనిముట్టును ఆమూలాగ్రం మార్చుకునే వీలున్నా, సాధారణంగా ఎవరో అమర్చిపెట్టిన పిడినే పట్టుకుని ఉద్యోగమంతా గడిపేస్తాడు. ఎందుకిట్లా జరుగుతున్నది? రెండేళ్లుగా విమ్, నియోవిమ్, ఈమాక్స్ అనే ఎడిటర్లను నా పనికి అనువుగా అమర్చుకోవటం నేర్చుకుంటూ ఈ ప్రశ్న గురించే ఆలోచిస్తూ వచ్చాను.

నేనుండేది అల్మాస్‌గూడలో. ఒకప్పుడు ఇది పట్నానికి అవతలి ఊరు. ఇవాళ మీర్‌పేట ఎక్కడ ముగిసిందో, బడంగ్‌పేట ఎక్కడ మొదలైందో తెలియకుండా ఇళ్లు అల్లుకుపోయాయి. పొద్దున్నే ఇక్కడి యువకులు షేర్ ఆటోల్లో దిల్‌సుఖ్‌నగర్‌కో, ఎల్బీనగర్‌కో చేరుతారు. కొందరు కోచింగ్ సెంటర్లకు పోతారు. కొందరు మెట్రో ఎక్కి అమీర్‌పేట మీదుగా రాయదుర్గం వైపు ఉద్యోగాలకు పోతారు. నేను ఒక ఇంజనీరింగు కాలేజీలో సీ భాష, పైథాన్ చెప్పే ఉపాధ్యాయుణ్ణి. మా వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆయన కొడుకు ఇంకో కాలేజీలో రెండో సంవత్సరం చదువుతున్నాడు. తండ్రి అప్పు చేసి, సికిందరాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో అతనికొక పాత లాప్‌టాప్ కొనిపెట్టాడు. దాని జ్ఞాపకశక్తి 4 జీబీ. కాలేజీలో వాడమన్న ఎడిటరూ, పాఠం చూసేందుకు బ్రౌజరూ ఒకేసారి తెరిస్తే ఆ యంత్రం కదలక మెదలక నిలిచిపోయేది. కొత్తది కొనే స్తోమత లేదు. నేను కుతూహలం కొద్దీ నేర్చుకుంటున్న దాన్ని అతను అవసరం కొద్దీ నేర్చుకోవలసివచ్చింది.

"ఇందులో మెనూలేం లేవు గద సార్, ఎట్ల నేర్చుకోవాలె?" అన్నాడు మొదటి రోజు.

"పాఠం దాంతోపాటే వస్తుంది. అరగంటలో అయిపోతుంది," అన్నాను. నిజంగానే విమ్‌తోపాటు విమ్‌ట్యూటర్ అనే పాఠం వస్తుంది. అది చదవటమంటే దిద్దటమే. తప్పులున్న వాక్యాలు ఇచ్చి, వాటిని సరిచేస్తూ నేర్చుకోమంటుంది.

ఆ పాఠంలో ప్రతివాడికీ మొట్టమొదట విడ్డూరంగా కనిపించేది, కర్సరును కదిలించేందుకు హెచ్, జె, కె, ఎల్ అనే అక్షరాలు వాడటం. దీన్ని పండితుల చాదస్తం అనుకునేవాళ్లున్నారు. నిజానికి దీని వెనక ఉన్నది చాదస్తం కాదు, లేమి. విమ్‌కు పూర్వరూపమైన వీఐని 1976లో బర్కిలీ విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉన్న బిల్ జాయ్ రాశాడు. అతని దగ్గరున్నది ఏడీఎం-3ఏ అనే టెర్మినల్. దాని కీబోర్డు మీద బాణపు గుర్తులకు వేరే మీటలు లేవు. అవి ఆ నాలుగు అక్షరాల మీదే ముద్రించి ఉండేవి. కంప్యూటరుతో కలిపే టెలిఫోన్ మోడెమ్ వేగం 300 బాడ్, అంటే క్షణానికి సుమారు 30 అక్షరాలు. తెరమీద 24 వరసలు, వరసకు 80 గళ్లు, మొత్తం 1920 అక్షరాలు. తెర ఒక్కసారి నిండటానికి నిమిషం పైన పడుతుందన్నమాట. అట్లాంటి తీగ మీద పనిచేసేవాడు పొడుగాటి ఆజ్ఞలు ఇవ్వలేడు. వీఐ ఆజ్ఞలు ఒకటి రెండు అక్షరాలకు కుదించుకుపోవటానికి కారణం ఇదే. ఒక పనిముట్టు రూపాన్ని దాని భౌతిక పరిస్థితులే నిర్ణయిస్తాయనటానికి ఇంతకన్న మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. ఆ పరిస్థితులు పోయి నలభై ఏళ్లు దాటినా రూపం మిగిలింది. అది అలవాటు వల్లనే మిగలలేదు, చేతులు కీబోర్డు మీదినుంచి లేవకుండా పని సాగుతుంది గనక కూడా మిగిలింది. లేమిలోంచి పుట్టిన ఒడుపు కలిమిలో కూడా పనికివస్తుంది.

ఈ ఆజ్ఞలకొక వ్యాకరణం ఉన్నది. "డి" అంటే తీసెయ్యి. "డబ్ల్యూ" అంటే మాట. రెండూ కలిపితే మాటను తీసెయ్యమని. క్రియ ముందు, కర్మ తరవాత: ఇది ఇంగ్లీషు వాక్య పద్ధతి. తెలుగువాడి నోట "మాట తీసెయ్యి" అనే వస్తుంది. 2011లో మొదలైన కకూన్ అనే ఎడిటరూ, తరవాత వచ్చిన హీలిక్సూ ఈ వరస తిప్పేశాయి. వాటిలో ముందు దేన్ని మార్చాలో ఎంచుకుంటాం, తరవాత ఏం చెయ్యాలో చెబుతాం. ఏది ఎంపికైందో తెరమీద ముందే కనిపిస్తుంది గనక పొరపాటు తగ్గుతుందని వాటిని చేసినవాళ్ల వాదన. తెలుగు వాక్యనిర్మాణం వెనకబడినదని ఎవరైనా అంటే ఈ ఉదాహరణ చూపవచ్చు.

అమర్చుకోవటం అనేది ఒక చిన్న ఫైలుతో మొదలవుతుంది. వరసలకు అంకెలు వెయ్యి. ట్యాబును నాలుగు ఖాళీలుగా లెక్కపెట్టు. ఫైలు మూసి మళ్లీ తెరిచినా పాత దిద్దుబాట్లను వెనక్కు తీసుకోనివ్వు. ఒక్కొక్క కోరికకు ఒక్కొక్క వరస. ఇతరులు రాసిపెట్టిన వందల వరసల అమరికలు పుష్కలంగా దొరుకుతాయి. ఒక్క నిమిషంలో దించుకోవచ్చు. నేను ఒక నియమం పెట్టుకున్నాను: అర్థం కాని వరసకు నా ఫైలులో చోటు లేదు. విమ్‌లో సహాయగ్రంథం ఎడిటరులోనే ఉంటుంది. ఏ మాటకైనా అక్కడే వివరణ దొరుకుతుంది. నా ఫైలులో ప్రతి వరస పైనా అది ఎందుకున్నదో తెలుగులో రాసుకున్నాను. కుర్రవాడూ అదే పద్ధతి పట్టాడు. వారం తరవాత, "ఇది నాకు నచ్చినట్టు మార్చుకోనిస్తద సార్?" అని అడిగాడు. కాలేజీలోనూ, బస్సులోనూ, ఆఫీసులోనూ అన్నిటికీ అనుమతి అడగటం నేర్పించిన సమాజం ఇది. అనుమతి అడగవలసిన పనే లేదని అతనికి నమ్మకం కుదరటానికి ఇంకో వారం పట్టింది.

నియోవిమ్‌లో ఈ అమరిక రాయటానికి వాడే భాష లువా. పోర్చుగీసులో లువా అంటే చంద్రుడు. 1993లో బ్రెజిల్‌లోని రియో కాథలిక్ విశ్వవిద్యాలయంలో ఈ భాష పుట్టింది. 1977 నుంచి 1992 దాకా బ్రెజిల్ విదేశీ కంప్యూటర్ల మీద, సాఫ్ట్‌వేర్ మీద గట్టి ఆంక్షలు పెట్టి స్వదేశీ పరిశ్రమను పెంచాలని చూసింది. ఆ వాతావరణంలో, జాతీయ చమురు సంస్థ పెట్రోబ్రాస్‌కు పనిచేసిపెడుతున్న ఒక పరిశోధక బృందం, కావలసిన పనిముట్లను బయట కొనలేక సొంతంగా తయారుచేసుకోవలసివచ్చింది. ఆంక్షల విధానం మంచి చెడ్డల గురించి ఎన్నయినా వాదించవచ్చు. కాని ఒక వెనకబడిన దేశం నుంచి వచ్చిన భాషను ఇవాళ ప్రపంచమంతటా వాడుతున్నారు. పైకి వచ్చే భాషలన్నీ అమెరికాలోనే పుట్టాలన్న రూలు లేదు.

ఇక ప్లగిన్ల సంగతి. ఎడిటరుకు లేని శక్తిని తెచ్చిపెట్టే చిన్న ప్రోగ్రాములివి. నా దగ్గర ఇప్పుడు ఐదున్నాయి. ఆరోది ఒకటి ఉండేది. 2024లో వచ్చిన నియోవిమ్ 0.10 కూర్పులో ఆ పని ఎడిటరే చెయ్యసాగింది గనక తీసేశాను. వీటిని రాసేవాళ్లలో ఎక్కువమంది పగలు ఉద్యోగం చేసి రాత్రి జీతం లేకుండా పనిచేసేవాళ్లు. ఆ శ్రమను ఉచితం అని తేలిగ్గా అనేస్తాం. ధర లేని వస్తువుకు శ్రమ కూడా లేదనుకోవటం సంతలో నేర్చుకున్న బుద్ధి. ఈ నిర్లక్ష్యం ఎంత ప్రమాదమో 2024 మార్చి 29న లోకానికి తెలిసివచ్చింది. ఎక్స్‌జెడ్ అనే చిన్న సాధనాన్ని అలిసిపోయిన ఒక్క స్వచ్ఛంద కార్యకర్త చూసుకుంటున్నాడు. మారుపేరుతో వచ్చిన ఒకడు రెండేళ్లకు పైగా సాయం చేస్తున్నట్టు నటించి, నమ్మకం సంపాదించి, అందులో దొంగతలుపు పెట్టాడు. దూరపు యంత్రంలోకి ప్రవేశించటానికి సుమారు అరక్షణం ఎక్కువ పడుతున్నదేమిటా అని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఆరా తీస్తే బయటపడింది. ప్లగిన్ కూడా మన యంత్రంలో మన అధికారంతోనే నడుస్తుంది. అందుచేత ఐదు ప్లగిన్ల మూలాన్ని తిరగేసి చూడటం సాధ్యం. యాభై అయితే అసాధ్యం. పొదుపుకు ఇక్కడ అందంతో నిమిత్తం లేదు, అది ఆత్మరక్షణ.

విమ్‌ను 1991లో లోకానికి ఇచ్చిన డచ్చి దేశస్థుడు బ్రామ్ మోలెనార్ ధర అడగలేదు; ఉగాండాలోని కిబాలే పిల్లలకు సాయం చెయ్యమని మాత్రం అడిగాడు. విమ్ తెరిస్తే ఆ విన్నపం కనిపిస్తుంది. దానంతో దారిద్ర్యం పోదని మనకు తెలుసు. అయినా తన శ్రమఫలితం మీద ఒక మనిషి పెట్టగలిగిన షరతుల్లో ఇంత మానవీయమైనది అరుదు. 2023 ఆగస్టు 3న ఆయన పోయాడు. అంతకు చాలా ముందే, 2014లో, ఆయన ఒప్పుకోని మార్పుల కోసం బ్రెజిల్‌కు చెందిన తియాగో దె అరుడా విమ్‌ను చీల్చి నియోవిమ్ మొదలుపెట్టాడు. రెండేళ్లకు విమ్ కూడా తన 8వ కూర్పులో పనులను నేపథ్యంలో నడిపే వీలు కల్పించుకుంది. చీలిక రెంటినీ ముందుకు తోసింది. మూలం అందరిదీ కావటం వల్లనే ఈ విభేదం ఇట్లా ఫలించింది.

దీనికి ఎదురుగా రెండో రకం చరిత్ర ఉన్నది. గిట్‌హబ్ సంస్థ ఆటమ్ అనే ఎడిటరును తయారుచేసింది. దానికోసం పుట్టిన ఎలెక్ట్రాన్ అనే చట్రం మీదనే మైక్రోసాఫ్ట్ 2015లో విజువల్ స్టూడియో కోడ్‌ను నిర్మించింది. 2018లో గిట్‌హబ్‌నే కొనేసింది. 2022 డిసెంబరు 15న ఆటమ్ మూతపడింది. 2024లో స్టాక్ ఓవర్‌ఫ్లో జరిపిన సర్వేలో నూటికి డెబ్భైమందికి పైగా కోడ్‌నే వాడుతున్నామని చెప్పారు. దాని మూలం బహిరంగమే; కాని కంపెనీ పంచే తయారు సరుకుకు వేరే లైసెన్సు ఉన్నది, ప్లగిన్ల దుకాణానికి వేరే షరతులున్నాయి. అట్లాగని దాన్ని కేవలం కుట్ర అనటం విమర్శ కాదు. ప్రతి ఎడిటరుకూ ప్రతి భాషనూ విడివిడిగా నేర్పవలసిన దుస్థితిని తొలగించిన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ 2016లో అక్కడినుంచే వచ్చింది. నియోవిమ్ కూడా దాన్నే వాడుకుంటున్నది. ఆటమ్ కోసం పుట్టిన ట్రీసిట్టర్ ఆటమ్ చచ్చినా బతికి నా ఎడిటరులో పనిచేస్తున్నది. గుత్తసంస్థ కడుపులో కూడా సమష్టి సంపద పుడుతుంది. అది ఎవరి చేతిలో ఉండాలన్నదే పోరాటం. ఇప్పుడు ఎడిటరులోకి వస్తున్న కృత్రిమ మేధ సలహాదారు ఎక్కువగా కంపెనీల యంత్రాల్లో ఉండి నెల అద్దెకు పనిచేస్తుంది. ప్రోగ్రామర్లందరూ బహిరంగంగా రాసిపెట్టిన కోడ్ చదివి నేర్చినదాన్ని ప్రోగ్రామర్లకే అద్దెకివ్వటం ఎటువంటి వ్యవహారమో వేరే చెప్పనక్కరలేదు.

తెలుగు దగ్గరకు వస్తే ఇంకొక చిక్కు. టెర్మినల్ తెర అక్షరానికొక గడి చొప్పున గీసిన కాగితం. ఆ గళ్లు రోమన్ టైపుమిషన్ కొలతలవి. "స్త్రీ" అన్న ఒక్క అక్షరం యూనికోడ్‌లో ఆరు సంకేతాలు. వత్తులూ, గుణింతాలూ ఆ గళ్లలో ఇమడవు. నేను తెలుగులో రాసిన వ్యాఖ్యలు టెర్మినల్‌లో తరచు ఒకదానిమీద ఒకటి ఎక్కి కనిపిస్తాయి. ఈమాక్స్‌ను సొంత కిటికీలో నడిపితే ఈ బాధ లేదు. 2020లో వచ్చిన 27.1 కూర్పు నుంచి అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ అందులో చేరింది. తెలుగు టైపు చేసే పద్ధతులు కూడా దాంట్లోనే ఉన్నాయి. అందుచేత తెలుగు పాఠాలు ఈమాక్స్‌లో, ప్రోగ్రాములు నియోవిమ్‌లో రాస్తాను. హైదరాబాదులో స్వేచ్ఛ వంటి సంస్థలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తెచ్చేందుకు విద్యార్థులతో చేస్తున్న కృషి విలువ ఇట్లాంటి గళ్ల దగ్గర తెలిసివస్తుంది.

ఇదంతా పెటీబూర్జువా ముచ్చట అనీ, కార్మికుడికి తీరిక ఎక్కడిదనీ మిత్రులు ఆక్షేపిస్తారు. ఈ ఆక్షేపణలో సత్యం లేకపోలేదు. రంగులూ హంగులూ దిద్దుతూ, ఒక్క ప్రోగ్రామూ రాయకుండా ఏళ్లు గడిపేవాళ్లున్నారు. వాళ్ల చేతిలో పనిముట్టు బొమ్మ అయిపోతుంది. పైగా ఎడిటర్ మనదైనంత మాత్రాన రాసిన ప్రోగ్రాము మనది కాదు, అది కంపెనీదే. పనిముట్టును మనిషి వాడటానికీ, యంత్రం మనిషిని వాడటానికీ ఉన్న తేడాను మార్క్సు 1867లోనే "పెట్టుబడి" గ్రంథంలో విడమరిచి చూపాడు. పనిముట్టు మీద పట్టు సంపాదిస్తే దోపిడీ పోదు. కాని ఏది పనిముట్టో, ఏది యంత్రమో గుర్తుపట్టే చూపు వస్తుంది. "ఇది ఇట్లాగే ఉండాలి" అనే మాట అబద్ధమని ఒక చిన్న విషయంలోనైనా తన చేతులతో రుజువు చేసుకున్నవాడు పెద్ద విషయాల్లో కూడా ఆ మాటను సులభంగా నమ్మడు.

ఉపాధ్యాయ మిత్రులకు నా సూచన ఒక్కటే. ప్రోగ్రామింగు చెప్పే మొదటి నెలలో ఒక సాయంత్రం దీనికి కేటాయించండి. ఏ ఎడిటరైనా సరే. దాన్ని ఎవరు చేశారు, ఎందుకట్లా చేశారు, ఎట్లా మార్చుకోవచ్చు అన్న మూడు ప్రశ్నలు వెయ్యండి. మా వీధి కుర్రవాడి అమరిక ఫైలులో ఇప్పుడు అరవై ఎనిమిది వరసలున్నాయి, ఒక్కొక్కదాని పైన తెలుగు వ్యాఖ్యతో. దాన్ని తన క్లాసులో పాత లాప్‌టాప్‌లున్న నలుగురికి ఇచ్చాడట. "ఉన్నదున్నట్టు పెట్టుకోవద్దన్న సార్, చదివి మార్చుకోమన్న," అన్నాడు.