ఏరు లేని వంతెన

"ఒరే అబ్బాయీ, కింద ఏరు లేదు, వాగు లేదు. ఇంత పొడుగు వంతెన ఎందుకు కట్టారురా?" అన్నది మా అమ్మ.

కాశీనుంచి తిరిగివస్తున్నాము. సివనీ వెనకబడింది. ఖవాసా దాటి మహారాష్ట్రలో అడుగుపెట్టాము. అక్కడినుంచి మన్సర్ వైపు దారి పెంచ్ అడవిలోంచి పోతుంది. మన హైదరాబాదు, కర్నూలు మీదుగా కన్యాకుమారి చేరే 44వ నంబరు జాతీయరహదారే ఇది.

ఈ దారి నాకు కొత్తకాదు. 2011లో నాన్నగారి అస్థికలు తీసుకుని ఇటే వెళ్ళాము. అప్పుడు సన్నని రోడ్డు, నిండా గోతులు. చీకటిపడ్డాక ఒక చుక్కల దుప్పి ఎక్కడినుంచో వచ్చి మా కారుకు తగిలింది. డ్రైవరు ఆపలేదు, ఆపమని నేనూ అనలేదు. అమ్మ మాత్రం చాలాసేపు వెనక్కి తిరిగి చూస్తూ కూర్చున్నది. ఆ సంగతి తర్వాత మా ఇంట్లో ఎవరమూ ఎత్తలేదు.

ఈ రోడ్డు వెడల్పు చేయడం మీద కోర్టుల్లో ఏళ్ళ తరబడి వాదాలు నడిచాయి. రోడ్డుకు అటు కొంత, ఇటు కొంత అడవి విడిపోతే పులికి బయటి సంబంధం దొరకదు. వున్న నాలుగింటిలోనే కలుపుకుంటూ పోతే జాతి క్షీణిస్తుంది. మేనరికాలు ఎరిగిన మనకు వేరే చెప్పాలా? చివరికి రోడ్డునే పైకెత్తారు. మహారాష్ట్ర వైపు తొమ్మిది చోట్ల జంతువులకు కిందనుంచి దారి వదిలారు. చిన్నది 50 మీటర్లయితే పెద్దది 750 మీటర్లు! ఖర్చు సర్కారుది, అంటే మనదే. టోలుగేటు వచ్చినప్పుడల్లా సణిగే అలవాటు నాకుంది. ఆ పూట ఎందుకో నోరు రాలేదు.

కట్టినంతమాత్రాన జంతువులు వస్తాయా అని నాకూ అనుమానమే. 2019లో డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థవారు ఈ వంతెనల కింద కెమెరాలు పెట్టి చూశారు. 18 రకాల అడవి జంతువులు దాటాయి. రేచుకుక్కలు, అడవిదున్నలు, ఎలుగుబంట్లు, ఆఖరికి అలుగు కూడా! పులులయితే 11, అవి 89 సార్లు కెమెరాకు చిక్కాయి.

ఇదంతా అమ్మకు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

"దుప్పులు కూడా వెళ్తున్నాయిట్రా?"

"వెళ్తున్నాయమ్మా."

కారు ఆపమన్నది. అక్కడ ఆపకూడదన్నాడు డ్రైవరు. అద్దం దించుకుని, వంతెన అయిపోయేదాకా కిందికి చూస్తూనే వుంది. తర్వాత మరచెంబు అందుకుని రెండు గుక్కల మంచినీళ్ళు తాగింది.