హుజూర్లను నవ్వులపాలు చేసిన పాట

ఊరి పేరులోనే 'హుజూర్' ఉంది. అంటే దొరగారు, ప్రభువులవారు. కానీ ఆ చుట్టుపక్కల పుట్టిన పాట మాత్రం ఏ హుజూర్‌నూ లెక్కచేయలేదు. ఏడవాల్సిన చోట నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే కంట తడి పెట్టించింది. మైకు లేదు, పక్క వాయిద్యాల్లేవు. ఒక గొంతు, ఒక డప్పు, భుజాన గొంగడి... అంతే! నల్లగొండ నుంచి పాలమూరు దాకా ఆ పాట నడిచిన దారిలో ఓసారి వెళ్లొద్దాం రండి.

హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద బయల్దేరి, సూర్యాపేట దాటి, కోదాడలో దక్షిణం వైపు మళ్లితే కాసేపట్లోనే హుజూర్‌నగర్. దారి పొడవునా వరి పొలాలు, కాలువలు, రైస్ మిల్లులు. ఇంకాస్త ముందుకెళ్లి మేళ్లచెర్వు, మఠంపల్లి వైపు తిరిగితే సీను మారిపోతుంది. సిమెంట్ ఫ్యాక్టరీల గొట్టాలు, సున్నపురాయి గనులు, రోడ్డు పక్క చెట్ల ఆకుల మీద తెల్లటి దుమ్ము. పచ్చదనం, తెల్లదనం పక్కపక్కనే కాపురం చేస్తున్నట్టుంటుంది.

ఈ పచ్చదనం వయసు అరవై ఏళ్లే. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువకు లాల్‌బహదూర్ కాలువ అని పేరు. అది తడిపిన నేల ఇది. పాత ఉమ్మడి జిల్లాలోనే పైకెళితే మునుగోడు, మర్రిగూడ, దేవరకొండ... కాలువ ఎక్కని మెట్ట. బోరు వేస్తే ఫ్లోరైడ్ నీళ్లు, ఆ నీళ్లు తాగి వంకర్లు పోయిన ఎముకలు. ఒకే ఉమ్మడి జిల్లాకు రెండు మొహాలన్నమాట. ఒకటి నవ్వు మొహం, ఇంకొకటి ఏడుపు మొహం. ఇక్కడి పాటలోనూ ఆ రెండూ కలిసే ఉంటాయి.

దర్గా... గుడి... ఒకే దారి

హుజూర్‌నగర్ వచ్చినవాళ్లు చూడకుండా వెళ్లని చోట్లు రెండున్నాయి. ఒకటి పాలకవీడు మండలంలోని జాన్‌పహాడ్ దర్గా. ఏటా జనవరిలో ఉర్సు. హిందువులా, ముస్లిములా అని ఎవరూ అడగరు. మొక్కు ఉంటే చాలు, సైదులు దగ్గరికి రావాల్సిందే. ఈ ప్రాంతంలో సైదులు, సైదమ్మ అన్న పేర్లు చాలా ఇళ్లలో వినిపించేది అందుకే. రెండోది కృష్ణ ఒడ్డున మట్టపల్లి లక్ష్మీనరసింహస్వామి గుడి. స్వామి దర్శనం చేసుకుని మెట్లు దిగితే నదిలోకే.

ఆ మెట్ల మీద కూర్చుని నీళ్లకేసి చూడండి. పులిచింతల ప్రాజెక్టు వెనక నీళ్లు ఇటువైపు ఊళ్లనెన్నింటినో మింగాయి. 2013 డిసెంబరులో ప్రారంభమైన ఆ ప్రాజెక్టు సామర్థ్యం దాదాపు 46 టీఎంసీలు. నీళ్లు ఎక్కువగా పారేది కృష్ణా డెల్టాకు, ఇళ్లు మునిగింది ఇక్కడివాళ్లవి. గ్రామదేవతను కూడా బండెక్కించుకుని పునరావాస కాలనీకి వెళ్లాల్సిన పరిస్థితి. తలచుకుంటే గుండె బరువెక్కుతుంది. కానీ ఇదే సంగతి ఇక్కడి పెద్దమనిషి ఎవరినైనా కదిపి చూడండి. ''మాకేం బిడ్డా, జగమంత నీళ్లు. ఇల్లు సుత నీళ్లలనే ఉన్నది'' అన్న తరహాలోనే ఉంటుంది జవాబు. నవ్వాలో ఏడవాలో మీకు తెలియదు. సరిగ్గా అక్కడే పాట మొదలవుతుంది.

చెక్క తుపాకి దొరవారు

ఈ నవ్వు ఎక్కడిది? తెలంగాణ పల్లెల్లో పాతతరం వాళ్లకు పిట్టలదొర తెలియకుండా ఉండడు. తుపాకి రాముడన్నా ఆయనే. పాత ఖాకీ నిక్కరు, నెత్తిన టోపీ, భుజాన చెక్క తుపాకి. వీధిలోకి వస్తూనే కోతలు మొదలు. నాకు అన్ని కోటలున్నాయి, ఇన్ని వేల ఎకరాలున్నాయి అంటాడు. చివర్లో ఆ వేల ఎకరాల ఆసామి గుప్పెడు బియ్యం కోసం చెయ్యి చాస్తాడు! పిల్లలు పడీపడీ నవ్వుతారు. పెద్దలకు మాత్రం అర్థమవుతుంది... అతను వేసింది దొర వేషం, చాచింది పేద చెయ్యి.

బుర్రకథ సంగతీ అంతే. నడుమ కథకుడు వీరుడి చావు చెబుతుంటాడు. అటొకరు, ఇటొకరు వంతలు. వాళ్లలో ఒకరి పని హాస్యం, ఇంకొకరిది రాజకీయం. అంటే చావు కథ పక్కనే నవ్వుకు కూడా ఒక సీటు ముందే రిజర్వు చేసి పెట్టారన్నమాట! గొల్లసుద్దుల్లోనూ ఇదే పద్ధతి. బాధను ఒకే మోతాదులో గంటసేపు పోస్తే జనం లేచి వెళ్లిపోతారని మన పల్లె కళాకారులకు ఏ కాలేజీ చెప్పకుండానే తెలుసు.

దొర పారిపోయిన రోజులు

ఈ వినోదం ఆయుధంగా మారింది సాయుధ పోరాట కాలంలో. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. అక్కడి నుంచి 1951 దాకా సాగిన పోరులో సూర్యాపేట, హుజూర్‌నగర్ తాలూకాలు ముఖ్య కేంద్రాలు. దొర గడీ ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచిన మనిషి ఒక్కసారిగా తల ఎత్తాలంటే ముందు భయం పోవాలి. భయం పోవాలంటే దొరను చూసి నవ్వగలగాలి. ఆ పని పాట చేసింది.

బండి యాదగిరి పేరు చాలామందికి తెలియదు. పాట మాత్రం తెలియనివాళ్లుండరు. బండ్లు కట్టుకుని పారిపోయే దొరను వెంటపడి ఎగతాళి చేసే పాట అది. ఆ పాటే 'మా భూమి' సినిమాలో గద్దర్ గొంతున, మనిషి తెరమీద కనిపిస్తుండగా, రాష్ట్రమంతా మారుమోగింది. పాట విన్నవాళ్లకు నెత్తురు ఉడుకుతుంది. జాగ్రత్తగా వింటే అందులో ఉన్నది కోపం కన్నా ఎక్కువ వెక్కిరింత. 'కొడతాం, చంపుతాం' అనేదానికన్నా 'ఎక్కడికి పోతావులే' అనడమే దొరకు పెద్ద దెబ్బ.

ఇక సుద్దాల హనుమంతు. అప్పటి నల్లగొండ జిల్లా, ఇప్పటి యాదాద్రి భువనగిరి జిల్లాలోని సుద్దాల ఆయన ఊరు. గొల్లసుద్దులు, యక్షగానం, బుర్రకథ... జనానికి తెలిసిన బాణీ ఏదుంటే దాన్నే తీసుకున్నారు, లోపల సరుకు మార్చారు. పశువులు కాసే జీతగాడి పిల్లవాడి మీద ఆయన కట్టిన పాట కూడా 'మా భూమి'లో ఉంది. పిల్లవాణ్ణి మొనగాడని పిలుస్తూనే, ఆ మొనగాడి ఒంటి మీద ఏముందో, కాళ్లకు ఏముందో ఒక్కొక్కటే చూపిస్తారు. మెచ్చుకోలులా మొదలై గొంతులో ముద్దలా అడ్డంపడుతుంది. 1982లో హనుమంతు కన్నుమూశారు. పాట కన్నుమూయలేదు. ఆయన కొడుకు సుద్దాల అశోక్‌తేజ 'ఠాగూర్' సినిమా పాటకు జాతీయ అవార్డు అందుకున్నారు.

పాలమూరు గొంతు

నల్లగొండ దాటి పడమటికి వెళ్తే పాలమూరు. కృష్ణమ్మ పక్కనే పారుతున్నా నీళ్లకోసం మొహం వాచిన జిల్లా. దేశంలో ఎక్కడ పెద్ద కట్టడం లేచినా అక్కడ పాలమూరు కూలీ ఉండేవాడని పేరు. డ్యాములు కట్టారు, ఇంటి దగ్గర తాగడానికి నీళ్లుండేవి కావు. ఇంతకన్నా చేదు జోకు ఉంటుందా?

ఆ నేల నుంచి వచ్చినవాడే గోరటి వెంకన్న. ఊరు ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని గౌరారం. 2002లో వచ్చిన 'కుబుసం' సినిమాలో 'పల్లె కన్నీరు పెడుతుందో' పాటతో ఆయన పేరు తెలుగువాళ్ల ఇంటింటికీ వెళ్లింది. ఆ పాటలో ఎక్కడా ప్రపంచీకరణ అన్న బరువైన ఉపన్యాసం ఉండదు. కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, సాలె... ఒక్కొక్కరి పనిముట్టు దగ్గరికీ తీసుకెళ్లి, అదెలా మూలపడిందో చూపిస్తాడు. చావు ఇంట్లో సామాన్లు లెక్కపెట్టినట్టు ఉంటుంది. ఊరి సంత మీద పాడినా, పట్నంలోని గరీబుల గల్లీ మీద పాడినా అంతే. ముందు నవ్వొస్తుంది. నాలుగు అడుగులు వేశాక ఆ నవ్వే గుచ్చుకుంటుంది. 'వల్లంకి తాళం' సంపుటికి 2021 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పాటగాడి కవిత్వానికి పండితుల పీట దక్కిందని చాలామంది సంబరపడ్డారు.

అందరికీ పీటలే దక్కలేదు. భువనగిరి స్పిన్నింగ్ మిల్లులో పనిచేస్తూ, తెలంగాణ కోసం గొంతెత్తిన బెల్లి లలితను 1999లో అతి దారుణంగా చంపేశారు. ఈ గడ్డ మీద పాట పాడటమంటే కాలక్షేపం కాదని చెప్పడానికి ఆ ఒక్క పేరు చాలు.

అక్కడ లో-ఫై... ఇక్కడ బతుకే

ఇప్పుడు కుర్రాళ్ల నోట 'లో-ఫై' అన్న మాట వినిపిస్తోంది. స్టూడియో మెరుగులు లేకుండా, గది చప్పుడు, ఊపిరి చప్పుడు కూడా వినిపించేలా రికార్డు చేయడమన్నమాట. అమెరికాలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982లో 'నెబ్రాస్కా' ఆల్బమ్‌ను ఇంట్లోనే చిన్న క్యాసెట్ రికార్డరు మీద చేశాడు. తర్వాత బ్యాండుతో స్టూడియోలో ప్రయత్నించినా, చివరికి ఆ ఇంటి క్యాసెట్టే విడుదలైంది. టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో డేనియల్ జాన్‌స్టన్ అనే కుర్రాడు తన దిగులు పాటలను సొంతంగా క్యాసెట్లకెక్కించి దారినపోయేవాళ్లకు పంచిపెట్టాడు. ఆ పాటల్లోనూ బాధ పక్కన ఓ వెర్రి నవ్వుండేది. 2019లో అతను చనిపోయేనాటికి ప్రపంచమంతా అభిమానులు.

వాళ్లు కావాలని మెరుగులు వదులుకున్నారు. మనవాళ్లకు వదులుకోవడానికి అసలు మెరుగులెక్కడివి? డప్పును మంట దగ్గర కాచుకోవడమే ట్యూనింగ్. రచ్చబండే స్టూడియో. జనం కోరస్. గొంతు జీరపోతే జీరపోయిన గొంతుతోనే పాట. ఆ తర్వాత వచ్చిన క్యాసెట్లలోనూ బరబరమనే శబ్దం ఉండేది. ఆ బరబర లేకపోతే పాటే కాదనిపించేది!

మరి నేటి హుజూర్ ఎవరు?

ఇప్పుడు చేతిలో ఫోనుంటే చాలు, కుర్రకారు ఎవరైనా పాట కట్టి, పాడి, యూట్యూబ్‌లో పెట్టేయొచ్చు. తెలంగాణ జానపదానికి ఇవాళ ఉన్నంత మంది శ్రోతలు గతంలో ఎప్పుడూ లేరేమో. పెళ్లి బరాత్‌లో డీజే మోగిందంటే సగం అవే పాటలు. బావా మరదళ్ల సరసాలు, హుషారైన స్టెప్పులు. తప్పేమీ లేదు, పల్లె ఎప్పుడూ సరసమాడుతూనే ఉంది. కానీ ఆ నవ్వుల వెనక ముల్లు ఉండేది కదా, అదెక్కడ?

2014లో రాష్ట్రం వచ్చింది. దానికోసం ఊరూరా ధూంధాం ఆడిన కళాకారులకు సాంస్కృతిక సారథిలో ఉద్యోగాలొచ్చాయి. దాదాపు 550 మంది. గోరటి వెంకన్న 2020లో గవర్నర్ కోటాలో ఎమ్మెల్సీ అయ్యారు. తరతరాలుగా పస్తులున్న కళాకారుడి ఇంట్లో నెలనెలా జీతం రావడం చిన్న విషయం కాదు. కాదనే హక్కు కడుపు నిండినవాళ్లకు లేదు. కానీ సర్కారు పథకం గురించి పాడే గొంతు, ఆ పథకం అందని ముసలమ్మ గురించి కూడా పాడగలదా? చిక్కంతా అక్కడే ఉంది. దొర మీద పాట కట్టడం తేలిక కాదు గానీ, దొర ఎవరో అప్పట్లో కళ్లకు కనిపించేవాడు. గడీ ఉండేది, గుర్రబ్బండి ఉండేది. ఇప్పుడో? ఇల్లు మునిగినవాడికి ప్రాజెక్టు హుజూర్. చివరి భూములకు నీళ్లందని రైతుకు కాలువ హుజూర్. అప్పు తీసుకున్నవాడికి ఫోనులో యాప్ హుజూర్. వాటికి మొహం లేదు. మొహం లేనివాణ్ణి వెక్కిరించడమెలా?

అందుకే పాత పాటల్ని మ్యూజియంలో పెట్టి దండం పెడితే సరిపోదు. వాటి పనితనం నేర్చుకోవాలి. పెద్ద మాటలొద్దు. పనిముట్టు పేరు చెప్పు, చెప్పు జత సంగతి చెప్పు, ఎండిన బావి పేరు చెప్పు. నవ్వించు. నవ్వు ఆగేలోగా నిజం చెప్పేయి. హనుమంతు నుంచి వెంకన్న దాకా చేసింది ఇదే.

వెళ్తారా మరి? జనవరి ఉర్సు వేళైతే జాన్‌పహాడ్, శివరాత్రికైతే మేళ్లచెర్వు శంభులింగేశ్వరస్వామి జాతర. కోదాడ, మిర్యాలగూడల నుంచి బస్సులు దండిగా ఉన్నాయి. చూడాల్సినవన్నీ చూశాక, పొద్దుగూకే వేళ ఏ ఊరి అరుగు మీదో కాసేపు కూర్చోండి. ఓ పెద్దాయన్నో, ఓ పెద్దమ్మనో ''మీ దిక్కు పాట ఒకటి పాడరాదే'' అని అడగండి. ''నాకేం పాటలొస్తయి బిడ్డా'' అంటారు ముందు. తొందరపడకండి. ఫోను మాత్రం జేబులోనే ఉంచండి. వాళ్లు గొంతు సవరించుకున్నాక వచ్చేది మీ గురించిన వెక్కిరింతే అయినా ఆశ్చర్యపోకండి. పట్నం నుంచి వచ్చిన మనం కూడా వాళ్ల దృష్టిలో ఓ చిన్న సైజు హుజూర్లమే!