ఇటు కిత్తనార, అటు ఇప్పపువ్వు

"చెల్లె, నిన్న రాత్రి మీ ఆయన గ్లాసుల ముక్కు వెట్టి కూసున్నడేంది? సర్దిగిట్ల అయిందా?"

ఆదివారం పొద్దున్నే కరివేపాకు చెట్టుకు నీళ్లు పోస్తుంటే పక్కింటి అక్క గోడ మీంచి వేసిన ప్రశ్న ఇది. మా కోకాపేటలో ఎకరం నూరు కోట్లు దాటింది. 2023 ఆగస్టు వేలంలో అయితే 100 కోట్ల 75 లక్షలు పలికింది. నేల కొన్నాక గోడకు డబ్బులు మిగల్లేదో ఏమో, మా రెండు విల్లాల మధ్య గోడ నా భుజం దాకానే ఉంటుంది. ఆ పొట్టి గోడ పుణ్యమా అని మాకు కబుర్లు మిగిలాయి.

"జలుబు కాదక్కా, టేస్టింగు" అన్నాను.

మా ఆయన, ఆయన ఆఫీసు స్నేహితులు ముగ్గురు. ఎవరు ఏ దేశం వెళ్లినా ఒక సీసా తేవాలని ఒప్పందం. నెలకోసారి మా వరండాలో కూర్చుని, ఒక్కో గ్లాసులో రెండు చెంచాల సరుకు పోసుకుని, రెండు గంటల సేపు వాసన చూస్తారు. సోడా లేదు, ఐసు లేదు.

"మంచింగు?"

"అదీ లేదు. పల్లీలు వేయించి పెడితే వాసన చెడిపోతుందని వెనక్కి పంపించారు."

అక్క గోడకు చేయి ఆనించి నావంక జాలిగా చూసింది.

నిజం చెప్పొద్దూ, నాకూ మొదట్లో నవ్వే వచ్చేది. తర్వాత తెలిసింది, రుచిలో ఎక్కువ పాలు ముక్కుదేనట. ఆ గ్లాసు కింద బొజ్జగా, పైన ఇరుకుగా ఉండేది అందుకే. వాసన చెదరకుండా మూతి దగ్గర పోగవుతుంది. ముక్కు ముంచేసి గట్టిగా పీలిస్తే ఘాటు నషాళానికెక్కి ఇంకేమీ తెలియదు. నోరు కొంచెం తెరిచి మెల్లగా పీల్చాలి. ఆ పైన నాలుగు చుక్కల నీళ్లు వేస్తారు. విస్కీలో పొగవాసన ఇచ్చే పదార్థం ఒకటుంటుందట, నీళ్లు కలిస్తే అది పైకి తేలి వస్తుందని 2017లో స్వీడన్ శాస్త్రవేత్తలు కంప్యూటర్లో లెక్కకట్టి చెప్పారు. మా ఆయన ఆ నీళ్లను కూడా సీసాలో కొని తెస్తాడు. గండిపేట చెరువు పక్కన కాపురం ఉంటూ నాలుగు చుక్కల నీళ్లు కొనుక్కోవడం చూస్తే మా మామగారు ఏమనేవారో!

నిన్నటి సీసా మెక్సికో నుంచి వచ్చింది. పేరు మెజ్కల్. ఒకాయన "తోలు" అన్నాడు, ఇంకొకాయన "వానకు తడిసిన మట్టి" అన్నాడు. కాఫీ కప్పులు తీసుకెళ్లడానికి వచ్చిన నా ముక్కు కిందా ఒక గ్లాసు పెట్టారు. "కాల్చిన వంకాయ" అన్నాను. కట్టెల పొయ్యిలో పచ్చడికి కాల్చిన వంకాయ, పైతోలు తియ్యకముందు. నలుగురూ ఒక్కసారి గ్లాసులు మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకున్నారు. కాదనలేకపోయారు. మెక్సికోలో ఒహాకా అనే చోట ఒక మొక్క మొదలును గుంటలో, కాలిన రాళ్ల మధ్య పెట్టి, మన్ను కప్పి, రోజుల తరబడి మగ్గబెడతారట. ఆ పొగే అది. పొగ పట్టిన వంకాయకూ దానికీ చుట్టరికం ఉండకేం?

ఇంతకీ ఆ మొక్కేమిటా అని ఫోనులో ఫొటో చూపించమన్నాను. చూస్తే ఏముంది, మా కిత్తనార!

మాది చిత్తూరు జిల్లా. మా తాత చేను గట్టంతా కిత్తనారే. మేకలు చొరబడకుండా నాటాడు. మట్ట చివర ముల్లు సూదిలా ఉంటుంది. నేను రెండుసార్లు గీరుకుపోయి ఏడ్చాను. మట్టలు కుంటలో నానబెట్టి, చితక్కొట్టి, నార తీసి పగ్గాలు పేనేవాళ్లు. ఏళ్లకేళ్లు కదలకుండా ఉండి, ఒక్కసారి తాటిచెట్టంత ఎత్తు పూలకాడ వేసి, ఆ చెట్టు చచ్చిపోతుంది. దాన్నుంచి తాగేది వస్తుందని మా తాతకు ఎవరూ చెప్పలేదు. చెప్పివుంటే గట్టు ఇంకొంచెం వెడల్పు చేసేవాడే.

అక్కడితో అయిపోలేదు. డెస్మండ్ నజరెత్ అని, అమెరికాలో సాఫ్ట్‌వేర్ పని చేసి తిరిగొచ్చినాయన, దక్కన్ పీఠభూమిలో దొరికే కిత్తనార మెక్సికో మొక్కకు దగ్గరి బంధువేనని పట్టుకుని, మా చిత్తూరు జిల్లాలోనే బట్టీ పెట్టాడు. 2011లో సీసా బజారుకొచ్చింది. టెకీలా అనడానికి మాత్రం లేదు. ఆ పేరు 1974 నుంచి మెక్సికో వాళ్ల హక్కు. అందుకని సీసా మీద "అగావే" అని రాసుకున్నాడు. నాకైతే "కిత్తనార" అని రాసివుంటే బాగుండేది అనిపించింది.

ఇదంతా విని అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గట్లైతే మా ఇప్ప ఏం పాపం జేసింది?" అంది.

అక్కది ఉట్నూరు దిక్కు. చిన్నప్పుడు ఇంటి వెనకే గోండు గూడెం. ఎండాకాలం మొదట్లో తెల్లారకముందే ఇప్పపూలు రాలుతాయట. చెట్టుకింద ఎండుటాకులు కాల్చి నేల శుభ్రం చేసి పెడతారు, పూలు మట్టి అంటకుండా పడడానికి. గూడెం ఆడవాళ్ల వెంట బుట్ట పట్టుకుని అక్క కూడా పోయేది. "పచ్చిపువ్వు నోట్లేస్తే నీళ్లల్ల బెల్లం లెక్క. ఎండితే కిస్‌మిస్ లెక్క. గింజల నూనెతోని దీపం బెడ్తరు, వంట జేస్తరు. కరువొస్తె గా పువ్వే ఉడకబెట్టుకుని తిన్నరట. సారా గూడ గాస్తరు, గని గదొక్కటే గాదు."

కాచే పద్ధతి అక్క చేతులతో గాలిలో గీసి చూపించింది. నానబెట్టి పులిసిన పువ్వు ఒక కుండలో. దాని మీద ఇంకో కుండ. పైన చల్లనీళ్ల గిన్నె. ఆవిరి ఆ గిన్నె అడుగుకు తగిలి, చెమటపట్టి, చుక్కచుక్కగా లోపలి పాత్రలోకి దిగుతుంది. అరబ్బులు ఈ సరుకుకు పెట్టిన "అరక్" అన్న పేరుకు అర్థం చెమట అనే. స్కాట్లాండులో రాగి బట్టీ, ఉట్నూరులో మట్టికుండ, పని ఒక్కటే.

మరి ఒకటి అద్దాల బీరువాలోకి, ఇంకొకటి పోలీసు కేసులోకి ఎలా వెళ్లాయి? ఇంగ్లీషు వాళ్లకు ఎక్సైజు ఆదాయం కావాలి. ఇంట్లో కాచుకునేవాడు పన్ను కట్టడు. 1892లో బొంబాయి ప్రెసిడెన్సీలో ఇప్పపువ్వు మీదనే ఒక చట్టం చేశారు. పువ్వు మీద కూడా ఆంక్షలే! ఆ ముద్ర ఇప్పుడిప్పుడే చెరుగుతోంది. మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఇప్పసారాను వారసత్వ మద్యం అని పేరుపెట్టి, అలీరాజ్‌పూర్ ఆదివాసుల చేత సీసాల్లో పోయిస్తోంది. ఆ నజరెత్ కూడా 2018లో ఇప్పసారాను సీసాకెక్కించాడు.

గోవా వాళ్లు ఇంకా ముందే మేలుకున్నారు. జీడిమామిడి పండుతో కాచే ఫెనీకి 2009లోనే భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నారు. మన పలాసలో జీడిపప్పుకే పేరు, పండుకేముంది? చైనావాళ్లయితే జొన్నతో బైజియు అనే సారా చేస్తారు. పోయిన నెల ఒక సీసా వచ్చింది. మూత తీయగానే బాగా మగ్గిన అనాసపండు వాసన ఇల్లంతా. మర్నాడు పనమ్మాయి వచ్చి "పండేదో కుళ్లిందమ్మా" అని ఫ్రిజ్ వెనక వెతికింది.

ఇక్కడిదాకా నవ్వుకుంటూనే వచ్చాం. అయితే నాకు గొంతులో ఒకటి అడ్డం పడింది, అదీ అక్కతో చెప్పాను. సారా అన్న మాట వింటే మా అమ్మ మొహం గుర్తొస్తుంది నాకు. మా పక్క నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో సారా మీద ఆడవాళ్లు లేచారు కదా, ఆ గాలి మా ఊరికీ తగిలింది. కూలి డబ్బు ఇల్లు చేరకముందే ప్యాకెట్ సారాలో కరిగిపోయే రోజులవి. మా అమ్మ చీపురు పట్టుకుని వెళ్లి సారా కొట్టు ముందు కూర్చుంది. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో మొత్తం మద్య నిషేధం, 1997లో మళ్లీ ఎత్తేయడం, ఇవన్నీ తర్వాతి కథలు. ఆ అమ్మ కూతురి వరండాలో ఇప్పుడు మెజ్కల్ వాసన చూస్తున్నారు. అమ్మ వచ్చినప్పుడు సీసాలన్నీ బట్టల అలమరాలోకి పోతాయి. ఆ రోజుల్లో మా ఊరి మగవాళ్లకు వాసన చూసే తీరిక ఎక్కడిది! ముక్కు మూసుకుని గొంతులో పోసుకునేవాళ్లు. ఆ సరుకూ అలాగే ఉండేది.

అక్క అడ్డు చెప్పలేదు. "మా దిక్కు గుడుంబా గూడ గంతే. దాన్ని ఇప్పతోని కలపకు" అని మాత్రం అంది. ఎవరేం కలుపుతారో తెలియని దొంగసారా తాగి కళ్లు పోగొట్టుకున్నవాళ్లు, ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. గూడెంలో దేవుడి ముందు ధారపోశాకగానీ నోట్లో పడని చుక్క వేరు అని ఆమె మాట. నాకు సగం ఒప్పుదల, సగం అనుమానం. ఏ చుక్కయినా ఎక్కువైతే ఇంటికి చేటే కదా అన్నాను. "గది నిజమే" అంది.

మాట మారుద్దామని అమృత్ కథ చెప్పాను. మన బెంగళూరు విస్కీ. పీపాల్లో నిల్వ ఉండగా కొంత ఆవిరైపోతుంది. దాన్ని దేవతల వాటా అంటారు. స్కాట్లాండులో ఏడాదికి రెండు శాతం పోతే, బెంగళూరు వేడికి పదీ పన్నెండు శాతం పోతుందట.

"దేవతలు గాదు చెల్లె, ఎండ. మన దిక్కు దేవతలకు మనమే వోస్తం" అని లోపలికి వెళ్లి, ఒక స్టీలు డబ్బా తెచ్చి గోడ మీద పెట్టింది. మొన్న ఉగాదికి పుట్టింటికి వెళ్లినప్పుడు తెచ్చుకున్న ఎండు ఇప్పపువ్వు. ఉట్నూరులో ఆదివాసీ ఆడవాళ్లు సంఘంగా ఏర్పడి దీనితో లడ్డూలు చేసి అమ్ముతున్నారట, తనూ అలా చేద్దామని తెచ్చింది.

సరిగ్గా అప్పుడే మా ఆయన టీ కప్పుతో బయటికొచ్చాడు. డబ్బా చూసి ఊరుకుంటాడా? నోరు కొంచెం తెరిచి, కళ్లు మూసుకుని, లోపలికి ముక్కు వంచాడు. చాలాసేపయ్యాక తలెత్తి, "ఎండుద్రాక్ష... తేనె... అడుగున కొంచెం పొగ..." అన్నాడు.

అక్క పకపకా నవ్వి డబ్బా మూత పెట్టేసింది. "మరిదీ, గీ సంగతి మా అడివిల ఎలుగుబంటికి గూడ ఎర్కే!"