దినారు దేశంలో మనవారు

హైదరాబాదులో విమానమెక్కిన ప్రయాణికుడు నాలుగైదు గంటలలో కువైటులో దిగుతాడు. తిరుపతి నుండి హైదరాబాదుకు రైలులో వచ్చే కాలంలో అది సగం కూడా కాదు. కాని ఆ కొద్ది గంటలలోనే అతని జీవితం మరొక లెక్కలోకి మారిపోతుంది. స్వగ్రామంలో భార్యాబిడ్డలు గల గృహస్థు, అక్కడి వాడుకలో 'బ్యాచిలర్' అవుతాడు. అక్కడ ఒంటరిగా ఉండేవాడల్లా బ్యాచిలరే. ఇంటి దగ్గర ఎందరు పిల్లలున్నారని ఎవరూ అడగరు.

ఆ విమానంలో తొలిసారి వెళ్ళేవారిని పోల్చుకోవడం కష్టం కాదు. వారి చేతిలో ఒక ప్లాస్టిక్ సంచీ ఉంటుంది. అందులో పాస్‌పోర్టు, వీసా కాగితం, వైద్యపరీక్ష పత్రం, ఉద్యోగపు ఒప్పందం. నాలుగైదు సార్లు వెళ్ళివచ్చినవారు నిద్రపోతారు. కొత్తవారు ఆ సంచీని ఒడిలోనుండి దించకుండా కిటికీలోనుండి చీకటిని చూస్తూ కూర్చుంటారు. తెల్లవారకముందు కింద కనిపించేది గీతలు గీచినట్లున్న దీపాల వరుసలు; దూరాన చమురు క్షేత్రాలలో మండుతున్న మంటలు; వాటి ఆవల ఏమీ లేని ఎడారి.

కువైటు చిన్న దేశం. వైశాల్యం రమారమి 17,800 చదరపు కిలోమీటర్లు. అందులో ఒక్క నది కూడా లేదు. ఇప్పుడు కొళాయిలలో వచ్చే నీరు సముద్రపు నీటినుండి ఉప్పును వేరుచేసి తయారుచేసినది. ఆ యంత్రాలు రాకముందు, నగరవాసులు త్రాగునీటిని ఇరాక్‌లోని షత్ అల్ అరబ్ నదినుండి పడవలలో తెచ్చుకునేవారు. 1938లో బుర్గాన్ వద్ద చమురు కనుగొన్నారు. 1946లో మొదటి ఎగుమతి సాగింది. ఆ తరువాతనే ఈ దేశానికి పనివారు కావలసి వచ్చారు.

అంతకు పూర్వం రాకపోకలు ఎదురు దిశలో సాగేవి. కువైటు నావికులు ముత్యాలతో, ఖర్జూరాలతో బొంబాయికి, మలబారుకు వచ్చేవారు. వారి ఓడలకు కావలసిన టేకు కలప మన పడమటి తీరానిదే. అక్కడి బజారులో చెల్లిన నాణెం కూడా మన రూపాయే. 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ ప్రాంతానికి ప్రత్యేకమైన రూపాయి నోట్లు ముద్రించింది. 1961లో కువైటు స్వంత దినారును ప్రవేశపెట్టుకునేవరకు అవి చెలామణిలో ఉన్నాయి. నాడు తాత రూపాయితో బేరమాడిన బజారులో, నేడు మనవడి జీతానికి మనవారు రూపాయలలో లెక్కకట్టుకుంటున్నారు. 2024లో ఒక దినారు విలువ రమారమి 270 రూపాయలు.

నేడు ఆ దేశ జనాభా రమారమి 50 లక్షలు. అందులో మూడింట రెండు వంతులు విదేశీయులే. వారిలో భారతీయులు సుమారు 10 లక్షలు. అందరికంటె వారే అధికులు. మలయాళీల తరువాత తెలుగువారి మాట తరచు చెవిన పడుతుంది. తెలంగాణలోని కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాలవారు ఎక్కువగా దుబాయి, మస్కట్, సౌదీల దారి పట్టగా, కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతాలవారికి, గోదావరి జిల్లాల స్త్రీలకు కువైటు అలవాటైన దారి అయింది.

కాగితమే ప్రాణం

కొత్తగా వచ్చినవాడు మొట్టమొదట నేర్చుకునేవి రెండు మాటలు: 'అకామా', 'బతాకా'. మొదటిది నివాసానుమతి, రెండవది దానిని అనుసరించి వచ్చే గుర్తింపు కార్డు. బ్యాంకు ఖాతా, టెలిఫోను, ఆసుపత్రి, అద్దె గది, అన్నిటికీ ఆ కార్డు మీది అంకెలే ఆధారం. అకామాకు మూలం 'కఫీలు', అనగా పూచీపడిన యజమాని. యజమాని ఇష్టపడి పునరుద్ధరిస్తే అకామా ఉంటుంది; గడువు తీరితే మనిషి నిన్నటి గదిలోనే, నిన్నటి పనిలోనే ఉంటూ చట్టవిరుద్ధుడవుతాడు.

ఈ కిటుకును ఆధారం చేసుకుని ఒక వ్యాపారమే నడుస్తున్నది. దానిని మన పల్లెలలో 'ఆజాద్ వీసా' అంటారు. పేరులో స్వేచ్ఛ ఉన్నది. నిజానికి అందులో అదే లేదు. కాగితంపై యజమాని ఒకడు; పని దొరికేది మరొకచోట. ఏజెంటుకు లక్షలు అప్పు చేసి కట్టినవాడు, పనిలో ఉండగా తనిఖీలో దొరికితే, యజమానిని వదలి వేరొకచోట పనిచేసిన దోషి అవుతాడు. యజమాని 'తగయ్యుబ్' అని ఒక్క ఫిర్యాదు చేసినా చాలు, అంటే 'పని విడిచి పారిపోయాడు' అని, ఇక ఇంటికి తిరిగిరావడమే ఒక సమస్య. పనివాని పాస్‌పోర్టును యజమాని దగ్గర ఉంచుకోవడం అక్కడి చట్టానికి విరుద్ధం. అయినా అది పలుచోట్ల బీరువాలలో భద్రంగా ఉండిపోతూనే ఉన్నది.

అనుభవజ్ఞులు కొత్తవారికి చెప్పే మాట ఒకటున్నది: ప్రతి కాగితానికీ నకలు తీసి ఒకటి ఇంటికి పంపు, ఒకటి స్నేహితుని దగ్గర ఉంచు, యజమాని టెలిఫోను నెంబరు భార్యకు కంఠతా ఉండనీ. ఇది భయంతో చెప్పే మాట కాదు. కష్టం వచ్చినవారిని చూచి నేర్చుకున్నది.

ఇంటిలోపలి ఉద్యోగం

కువైటుకు వెళ్ళే తెలుగు స్త్రీలలో అత్యధికులు ఇళ్ళలో పనిచేసేవారే. పదవ తరగతి చదవనివారు గల్ఫ్ దేశాలకు వెళ్ళాలంటే 1983 నాటి వలస చట్టం క్రింద ప్రభుత్వ అనుమతి కావాలి. అటువంటి స్త్రీకి కనీసం 30 సంవత్సరాల వయస్సు ఉండాలన్న నిబంధన కూడ ఉన్నది. కనుక వెళ్ళేది సాధారణంగా తల్లి. తన బిడ్డను అత్తగారి దగ్గరనో, అమ్మ దగ్గరనో వదలి, పరాయివారి బిడ్డను ఎత్తుకోవడానికి వెళుతుంది.

ఆ ఇంటిలో యజమానురాలు 'మామా', యజమాని 'బాబా'. ఆరునెలలు తిరిగేసరికి ఆమెకు వంటింటి అరబ్బీ వచ్చేస్తుంది. బియ్యాన్ని, మాంసాన్ని వాళ్ళ పద్ధతిలో వండడం, 'ఖుబ్బూస్' రొట్టెను వేడిగా అందించడం, అతిథులకు కాఫీ ఏ చేతితో ఏ క్రమంలో పోయాలో తెలుసుకోవడం పూర్తవుతుంది. మంచి కుటుంబం దొరికితే పదేళ్ళు ఒక్క ఇంటిలోనే గడిపినవారున్నారు. తాము పెంచిన పిల్లల పెళ్ళిళ్ళకు బంగారు గాజులు అందుకున్నవారున్నారు. దొరకకపోతే, గోడల వెలుపలికి ఆ సంగతి చెప్పడానికి ఆమెకు టెలిఫోను ఒక్కటే మార్గం. అది కూడా ఆమె చేతిలో ఉండనిస్తేనే. భారత రాయబార కార్యాలయం అటువంటి స్త్రీలకు ఆశ్రయం కల్పిస్తున్నది.

2015లో కువైటు ఇంటి పనివారికోసం ప్రత్యేక చట్టం చేసింది. వారానికి ఒక రోజు సెలవు, సంవత్సరానికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని దాని ముఖ్యాంశాలు. 2016లో కనీస వేతనం 60 దినార్లని నిర్ణయించారు. గల్ఫ్ దేశాలలో అటువంటి నిర్ణయం అదే మొదటిది. 2024 నాటి విలువలో అది రమారమి 16,000 రూపాయలు. చట్టం గడప దాటి వంటింటిదాకా రావడమన్నది మాత్రం ఏ దేశంలోనైనా కష్టసాధ్యమే.

ఎండ, దుమ్ము, శుక్రవారం

మగవారి బ్రతుకు మరొక తీరు. అబ్బాసియా, ఫర్వానియా, మహబూలా, మంగఫ్ వంటి పేటలలో ఒక్కొక్క గదిలో నలుగురైదుగురు ఉంటారు. అద్దెకు దొరికేది గది కాదు, మంచం. వంట వంతులవారీగా సాగుతుంది: ఈ రోజు కడపవాని కారం, రేపు కోనసీమవాని పులుసు. గోంగూర, కరివేపాకు విమానంలో వచ్చి దుకాణాలలో కనిపిస్తాయి గాని, వాటి ధర చూచి కట్టలో సగం చాలుననుకునేవారే ఎక్కువ. ఊరినుండి వచ్చే మనిషి తెచ్చిన ఆవకాయ డబ్బా ఆ గదికి పండుగ. దానిమీద హక్కు తెచ్చినవానిదే అయినా, మూత తీసిన తరువాత ఆ హక్కు నిలవదు.

వేసవి అక్కడ ఒక శత్రువు. 2016 జూలై 21వ తేదీన కువైటులోని మిత్రిబా వద్ద 53.9 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదయింది. రామగుండం, రెంటచింతల ఎండలు ఎరిగినవారికి సైతం అది కొత్త సంగతి. ఏటా జూన్ 1 నుండి ఆగస్టు ఆఖరుదాకా పగలు 11 గంటలనుండి 4 గంటలవరకు ఆరుబయట పని చేయించకూడదని ప్రభుత్వ ఉత్తర్వు. దానిమూలంగా కట్టడపు పని తెల్లవారుజామున మొదలవుతుంది. దుమ్ముగాలి లేచిన రోజు ఆకాశం ఇటుక రంగుకు తిరుగుతుంది. కిటికీ సందులలో తడిగుడ్డలు కుక్కినా అన్నంలో ఇసుక తగులుతుంది. శీతకాలం వచ్చిందంటే కంబళి లేకుండా నిద్రపట్టదు. ఎడారికి వెళుతూ ఉన్ని బట్టలెందుకని నవ్వినవారు మొదటి జనవరిలో వాటిని కొనుక్కుంటారు.

వారమంతా ఎదురుచూచేది శుక్రవారం కోసం. ఆనాడు నగరంలోని ముబారకియా బజారు, పాత సామానులమ్మే శుక్రవారపు సంత మనవారితో నిండిపోతాయి. ప్రార్థనాలయాలలో పలు భాషల సమావేశాలు వంతులవారీగా సాగుతాయి. వాటిలో తెలుగు కూడ వినిపిస్తుంది. ఒకే ఊరివారు ఒకే మూల కలుసుకుంటారు. ఎవరి ఊరిలో వానపడింది, ఎవరి బోరులో నీళ్ళు పడ్డాయి, ఎవరి పిల్లకు సంబంధం కుదిరింది, ఈ వార్తలన్నీ అక్కడ నిమిషాలలో తెలిసిపోతాయి. నెల మొదటి శుక్రవారం డబ్బు పంపే దుకాణాల ముందు వరుసలు వీధి మలుపుదాకా సాగుతాయి. తన ఖర్చుకని పదో పదిహేనో దినార్లు వేరుచేసి, మిగిలినది పంపేసి, రసీదును మడిచి జేబులో పెట్టుకుని వెలుపలికి వచ్చే మనిషి ముఖంలో ఆ నెలకు పనికి ఫలం కనిపిస్తుంది.

ఒకప్పుడు ఉత్తరానికి రెండు వారాలు పట్టేది. 1980లలో కేసెట్టులో మాటలు నింపి, ఊరికి వెళ్ళేవారి చేత పంపుకునేవారు. ఇప్పుడు రోజూ ముఖం చూచుకోవచ్చు. అయితే రెండున్నర గంటల కాలభేదం అడ్డువస్తుంది. అక్కడ రాత్రి పనిముగించి తొమ్మిదిన్నరకు ఫోను పట్టుకునేసరికి, ఇక్కడ అర్ధరాత్రి. పిల్లలు నిద్రపోయి ఉంటారు. భార్య ఫోనును నిద్రిస్తున్న బిడ్డ వైపు తిప్పి చూపుతుంది.

ఆపద వచ్చినప్పుడు

ఈ జీవితం ఎంత సన్నని దారంమీద నిలిచినదో రెండు తేదీలు చెబుతాయి. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైటును ఆక్రమించాయి. ఒక్క ఉదయంలో దినారు చెల్లని కాగితమైంది; బ్యాంకులు మూతపడ్డాయి; ఏళ్ళ సంపాదన అక్కడే నిలిచిపోయింది. వేలాదిమంది బస్సులలో ఇరాక్ మీదుగా జోర్డాన్ చేరుకుని, గుడారాలలో నిరీక్షించారు. అమ్మాన్ నుండి మన విమానాలు రమారమి 1,70,000 మందిని స్వదేశానికి చేర్చాయి. మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో దేశం విముక్తమయింది. తిరిగివచ్చిన వారిలో ఎందరో మళ్ళీ వీసా కోసం వరుసలో నిలబడ్డారు. ఊరిలో అప్పు యుద్ధంతో తీరలేదు గదా!

2024 జూన్ 12వ తేదీ తెల్లవారుజామున మంగఫ్‌లో పనివారు నివసించే ఒక భవనంలో మంటలు లేచాయి. 45 మంది భారతీయులతో సహా దాదాపు 50 మంది మరణించారు. ఆంధ్రులు కూడ వారిలో ఉన్నారు. పలువురు పొగకు ఊపిరాడక పడుకున్నచోటనే కన్నుమూశారు. మంచానికి అద్దె తక్కువ కావాలనుకున్నవారికి, గదులలో మంచాలు పెంచినవారికి మధ్య లెక్క కుదిరినంత కాలం, మెట్లదారి ఎంత ఇరుకో ఎవరూ కొలవలేదు.

ఇంకొక్క సంవత్సరం

కుటుంబాన్ని తెచ్చుకోగలిగేది మంచి జీతం కలవారే. వారి పిల్లలు భారతీయ పాఠశాలలలో మన పాఠ్యక్రమమే చదువుతారు. హిందీ, అరబ్బీ, ఇంగ్లీషు నేరుస్తారు; తెలుగు వారికి ఇంటిభాష మాత్రమే. సెలవులలో తాతగారి ఊరికి వచ్చి, బావిలో నీరు ఊరికే ఉండడం చూచి ఆశ్చర్యపోతారు. అక్కడే పుట్టి పెరిగినా వారు ఆ దేశపు పౌరులు కాలేరు. తండ్రి ఉద్యోగం ముగిసిననాడు వారి ఊరూ ముగుస్తుంది.

ఉద్యోగం విడిచేనాడు ప్రైవేటు సంస్థలవారికి చట్టప్రకారం కొంత మొత్తం ముడుతుంది: మొదటి ఐదేళ్ళకు ఏటికి 15 రోజుల జీతం, ఆపైన ఏటికి ఒక నెల జీతం. ఆ మొత్తంతో ఏంచేయాలో ప్రతివాడూ వందసార్లు లెక్కవేసుకుని ఉంటాడు. అప్పు తీరాక చెల్లెలి పెళ్ళి, పెళ్ళి అయ్యాక ఇల్లు, ఇంటికి పైఅంతస్తు, ఆ తరువాత కొడుకు చదువు. ఒక్కొక్క పని ముగిసినప్పుడల్లా అనుకునే మాట ఒక్కటే: 'ఇంకొక్క సంవత్సరం'. రాయచోటి పరిసర గ్రామాలలో దినార్లతో కట్టిన మేడలు, తాళం వేసినవి, యజమానులకోసం వేచి ఉన్నాయి.

చివరకు ఆ రోజు వస్తుంది. గదిలోనివారంతా కలిసి అట్టపెట్టె కడతారు. కంబళ్ళు, పాలపొడి డబ్బాలు, అత్తరు సీసా, పిల్లవానికి బూట్లు. తూకానికి మించితే రుసుము కనుక, పెట్టెను స్నానపు గది త్రాసుమీద రెండు మూడు మార్లు నిలబెట్టి చూస్తారు. తాడు గట్టిగా బిగించి, నాలుగు వైపులా పెద్ద అక్షరాలతో పేరు, ఊరు వ్రాస్తారు. బూట్ల కొలత మాత్రం ఊహించి కొన్నదే. రెండేళ్ళనాడు చూచిన కాలది. ఒక వేలు ఎక్కువ వేసి తీసుకున్నది.