స్తంభం పక్కన తెల్లచొక్కా

కాచిగూడ స్టేషన్‌ను ఎప్పుడైనా తీరిగ్గా చూశారా? రైలందుకునే హడావుడిలో ఎవరు చూస్తారులెండి! 1916లో, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో కట్టిన భవనమది. గుమ్మటాలు, మినార్లతో ఏ నవాబుగారి మహలో అనిపిస్తుంది. ఆమధ్య నేను వెళ్లింది మాత్రం ఒక స్తంభాన్ని వెతుక్కుంటూ.

మా ఆల్బమ్‌లో 1985 నాటి ఫొటో ఒకటుంది. అప్పట్లో కర్నూలు వైపు మీటర్‌గేజ్ రైళ్లు ఇక్కణ్నుంచే. పుట్టింటికి బయల్దేరిన అమ్మ, చంకలో అక్క. తీసింది బాబాయ్. వెనక దూరంగా, స్తంభం పక్కన తెల్లచొక్కా మనిషి.

"మీ నాన్నేరా. పొద్దున పోట్లాడుకున్నాం. స్టేషన్‌కి రానన్నారు, అయినా వచ్చారు" అంటుంది అమ్మ.

"అన్నయ్య ఆరోజు డ్యూటీలో ఉన్నాడు వదినా!" అంటాడు బాబాయ్.

అడిగినప్పుడల్లా నాన్న నవ్వి ఊరుకునేవారు. ఆయన పోయి రెండేళ్లయింది.

ప్లాట్‌ఫాం రూపు మారిపోయింది. ఆ స్తంభం ఏదో తేలలేదు. జేబులో నెగెటివ్‌తో ఎంఎంటీఎస్ ఎక్కాను. విద్యానగర్, జామై ఉస్మానియా దాటితే ఆర్ట్స్ కాలేజీ స్టేషన్. 1939లో ప్రారంభమైన ఆ కాలేజీ గులాబీరంగు రాతి భవనం దూరం నుంచి ఒకలా, మెట్ల దగ్గర నిలబడితే మరోలా ఉంటుంది. బెల్జియం వాస్తుశిల్పి జాస్పర్ గీసిన నమూనా అది.

ఈ క్యాంపస్ హాస్టల్లోనే, స్నేహితుడి గదిలో 'బ్లో అప్' చూశాను. ఇటలీ దర్శకుడు ఆంటోనియోని 1966లో లండన్‌లో తీసిన సినిమా. ఓ ఫొటోగ్రాఫర్ పార్కులో ఒక జంటను ఫొటోలు తీస్తాడు. ఆమె రీలు ఇచ్చేయమని వెంటపడుతుంది. అనుమానమొచ్చి ఫొటోలు పెద్దవి చేస్తూపోతే పొదల్లో తుపాకీ, చెట్టుకింద శవం! రాత్రి వెళ్తే శవం ఉంటుంది, తెల్లారేసరికి మాయం. పార్కులో గడ్డి మరింత పచ్చగా కనిపించాలని దర్శకుడు రంగేయించాడట! 1967లో కాన్స్‌లో అత్యున్నత బహుమతి దక్కింది. హంతకుడెవరో చివరిదాకా చెప్పనందుకు మేం మాత్రం ఆ రాత్రి దర్శకుణ్ని తిట్టుకున్నాం.

తార్నాకలోని స్టూడియోలో నెగెటివ్ స్కాన్ చేసి పెద్దది చేశారు. చొక్కా కనిపించింది. ఇంకొంచెం పెంచితే ముఖం ఉండాల్సినచోట బూడిదరంగు మచ్చ. "ఇంతకుమించి లాగితే చుక్కలే సార్" అన్నాడు కుర్రాడు.

ఇంటికి తెచ్చిస్తే అమ్మ కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. "ముఖమెందుకురా? ఒంటికాలి మీద బరువేసి ఆ నిలబడ్డం చూడు!"

బాబాయ్ కూడా కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశాడు. ఈసారి డ్యూటీ మాట ఎత్తలేదు.